సిగరెట్టు అమ్మని టీ కొట్టు: ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

ఐదింటికి నాలుగు నక్షత్రాలు. ఒకటి ఎందుకు కోశానో కిందకొచ్చాక చెప్తాను. ఆ మాట ఓనరు మొహం మీదే అనేశాను కాబట్టి ఇక్కడ చదివి ఆయన కొత్తగా నొచ్చుకునేదేమీ లేదు.

కొట్టు పేరు రాయట్లేదు. రాద్దామన్నా బోర్డు లేదు. పైగా, "పేరెట్టి రాసేవంటే రేపట్నుంచి ఏ కేసుకైనా సాక్షి సంతకానికి నన్నే పిలుస్తారమ్మా" అని దండం పెట్టాడాయన. రైతుబజారు దాటి జూనియర్ కాలేజీలున్న వీధుల్లోకి తిరిగితే ఒక రేకుల షెడ్డు, ముందు పెద్ద బాణలి, వెనక క్యారమ్స్ చప్పుడు. సాయంత్రం పూట అయితే వెతుక్కోనక్కర్లేదు. యూనిఫారాలు ఎటు నడుస్తుంటే అటు నడవండి.

నాది అక్కడికి రెండు వీధుల అవతల జిరాక్స్, స్టేషనరీ కొట్టు. ల్యాబ్ రికార్డులు, గ్రాఫ్ పేపర్లు, హాల్ టికెట్ ప్రింట్లు, స్పైరల్ బైండింగులు. ఇంటర్ పిల్లలే నా గిరాకీ. మా ఇంట్లో కూడా ఇంటర్ రెండో ఏడు వాడు ఒకడున్నాడు. అందుకని ఇది సగం ఒక తల్లి రాసిన రివ్యూ, సగం ఇంకో కొట్టు మనిషి రాసిన రివ్యూ. కొట్టు మనిషికి లెక్కలు ముందు కనపడతాయి, ఏం చేస్తాం.

ముందు తిండి సంగతి. పునుగులు బాగుంటాయి. పైన కరకర, లోపల దూది. పిండి పులిసింది గానీ పుల్లగా ఉండదు. ప్లేటు ముప్ఫై. మిరపకాయ బజ్జీ కోసి ఉల్లిపాయ, నిమ్మరసం, వేయించిన పల్లీలు పెట్టి ఇస్తాడు, అది అడిగి చేయించుకోవాలి. ముంత మసాలా మన బీచ్ రోడ్డు వాళ్ళంత ఘాటుగా ఉండదు, పిల్లల కోసం కారం తగ్గించాడంటాడు. నాకు నచ్చలేదు. కొత్తిమీర దండిగా వేస్తాడు గానీ ముంత మసాలాకి కారమే ప్రాణం. అల్లం టీ పది రూపాయలు, కొంచెం తీపి ఎక్కువ. చోడి (రాగి) జావ పదిహేను. చల్ల కలిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి గ్లాసు నిండా ఇస్తాడు. ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె, ఆ జావ చేయి తిరిగిన చేతిది. మధ్యాహ్నం కాలేజీ క్యారేజీ సగంలో వదిలేసి వచ్చే పిల్లలకి అది ఒక పూట భోజనం కింద లెక్క.

శుభ్రం పర్వాలేదు. ప్లేట్లు బకెట్లో ముంచి తీసే రకం కాదు, కుళాయి ఉంది. బజ్జీలు మాత్రం మొన్నమొన్నటి దాకా న్యూస్ పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. ఆ సిరా నూనెకి కరిగి తిండిలోకి దిగుతుంది, ఫుడ్ సేఫ్టీ వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో వద్దంటున్నారు. ప్రింటింగ్ సామాను మధ్య బతికే దాన్ని, ఆ సిరా ఏమిటో నాకు తెలుసు. ఇప్పుడు తెల్ల కాగితం వాడుతున్నాడు. అవును, నా దగ్గరే కొంటున్నాడు.

ఇక అసలు సంగతి.

టీ కొట్టంటే మనకి కళ్ళ ముందు కనపడేది ఏమిటి? గల్లా పక్కన సిగరెట్టు డబ్బాలు, మేకుకి వేలాడే ఖైనీ, పాన్ మసాలా దండలు, తాడుకి కట్టిన లైటరు. ఇక్కడ ఆ లైటరు తాడు లేదు. సిగరెట్టు లేదు, బీడీ లేదు, దండలు లేవు. మీరు యాభై ఏళ్ళ మనిషైనా, సొంత సిగరెట్టు తెచ్చుకున్నా, గ్లాసు పట్టుకుని రోడ్డు అవతల వేపచెట్టు కిందకి పోవాల్సిందే. దీని మీద ఆయన ఎవరితోనూ వాదన పెట్టుకోడు. "అక్కడ నీడుంది బావూ" అంటాడు, అంతే.

చట్టం ప్రకారం ఇందులో గొప్పేమీ లేదు. కాలేజీకి వంద గజాల లోపల ఎవరూ పొగాకు అమ్మకూడదు, పద్దెనిమిది నిండని వాళ్ళకి ఎక్కడా అమ్మకూడదు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా అంటారు), ఆరో సెక్షను. ఇది నాకెలా తెలుసంటే ఆయన కొట్లో పెట్టుకున్న ఈ రూల్స్ కాగితం ప్రింటు తీసి ల్యామినేషన్ చేసిచ్చింది నేనే. ముప్ఫై రూపాయలు ఇచ్చాడు, తీసుకున్నాను. టైపు చేస్తూ ఉంటే ఒక చోట చెయ్యి ఆగింది. ఆరో సెక్షను తప్పితే జరిమానా రెండు వందల రూపాయల లోపు. అంటే కొన్ని సిగరెట్ల ధర. దానికి ఏ కొట్టువాడు భయపడతాడు? కానీ దాని కిందే ఇంకో చట్టం ఉంది. 2015 బాలల న్యాయ చట్టం, 77వ సెక్షను. డాక్టరు రాస్తే తప్ప, పిల్లలకి మద్యం గానీ మత్తుమందు గానీ పొగాకు గానీ ఇచ్చినవాడికి ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. అదే సిగరెట్టు, అదే కుర్రాడు. రెండు వందలు అనుకుని అమ్ముతున్నవాడికి ఈ రెండో లైను ఎవరూ చదివి వినిపించలేదు. ఆ రెండో లైనుని పెద్దక్షరాల్లో వేయమన్నాడు బాబాయ్. (పిల్లలంతా బాబాయ్ అంటారు. నా ఈడు మనిషే గానీ నాకూ అదే నోటికొచ్చేసింది.)

కాగితం అడుగున మూడు నంబర్లు. 1972, మన రాష్ట్రంలో గంజాయి, డ్రగ్స్ సమాచారం ఇవ్వడానికి ఈగల్ అనే పోలీసు విభాగం వాళ్ళది. 14446, మత్తు మానేయాలనుకునే వాళ్ళకి కేంద్రం పెట్టిన హెల్ప్‌లైను. 14416 టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడ్డానికి. మొదటిదొక్కటే పెట్టమంటాడేమో అనుకున్నాను. "పోలీసోళ్ళ నంబరొక్కటే రాస్తే కుర్రగుంటలు కాగితం వైపే చూడరమ్మా, కింది రెండూ కూడా ఎయ్యి" అన్నాడు. ఎదురుగా ఇంకో కొట్టులో 'డ్రగ్స్ వద్దు బ్రో' పోస్టరు ఈయన కాగితం కన్నా పదింతలుంది, రంగులు కూడా బాగున్నాయి. దాని కిందే చిల్లర సిగరెట్లు అమ్ముతారు. పేరు అడక్కండి.

ఇప్పుడు కొట్టు మనిషి లెక్క. సిగరెట్టు అమ్మకపోతే టీ కొట్టు నడుస్తుందా అని ఆయన్ని చాలాసార్లు గుచ్చిగుచ్చి అడిగాను. సిగరెట్టు మీద మిగిలేది రూపాయో రెండో, దాని కోసం కాదు ఎవరూ పెట్టేది. సిగరెట్టుకి వచ్చినవాడు టీ తాగుతాడు, టీతో ఇంకోటి వెలిగిస్తాడు, రోజుకి నాలుగుసార్లు వస్తాడు. ఆ నాలుగుసార్లూ పోతాయి. ఆయనకీ పోయాయి. మానేసిన కొత్తలో పొద్దుటి గిరాకీ సగానికి పడిపోయింది, ఆటో స్టాండు వాళ్ళు మొత్తం పక్క కొట్టుకి మళ్ళారు. ఆయన అనుకోనిది ఏమిటంటే, పొగ లేదు కాబట్టి ఆడవాళ్ళు రావడం మొదలెట్టారు. ట్యూషన్ల దగ్గర పిల్లల కోసం ఎదురుచూసే తల్లులు, సాయంత్రం నడకకి వచ్చే పెద్దవాళ్ళు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలు. వీళ్ళు టీ ఒక్కటే తాగి పోరు. పునుగులు తింటారు, ఇంటికి బజ్జీలు కట్టించుకుంటారు. టీ గ్లాసు మీద కన్నా బాణలి మీద మిగిలేది ఎక్కువ. పోయిన డబ్బంతా వచ్చిందా అంటే ఆయన తల అడ్డంగానూ ఊపడు, నిలువుగానూ ఊపడు. కొట్టు మాత్రం మూసెయ్యలేదు. లాభం మాట ఎత్తకుండా ధర్మం చెప్పే వ్యాపారిని నేను నమ్మను. ఈయన ఎత్తాడు, అందుకే నమ్మాను.

వెనక షెడ్డులో రెండు క్యారమ్ బోర్డులు, మూడు చదరంగం బల్లలు. డబ్బు తీసుకోడు. ఏదైనా కొనాలన్న షరతు కూడా లేదు. పందెం కాస్తే మాత్రం బోర్డు ఎత్తేస్తాడు, అయిదు రూపాయలైనా సరే. కాలేజీ నాలుగున్నర, అయిదుకి వదులుతారు. ఆరున్నరకి స్టడీ అవర్సో ట్యూషనో. ఇళ్ళల్లో తల్లీ తండ్రీ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఏడు. మధ్యలో గంటన్నర ఈ పిల్లలు ఎవరి లెక్కలోనూ ఉండరు. కాలేజీ మాది కాదంటుంది, ఇల్లు ఇంకా రాలేదంటుంది. మన ఊళ్ళో మొదటి దమ్ము లాగిన ఏ కుర్రాణ్ణయినా అడగండి, అర్ధరాత్రి అని చెప్పడు, సాయంత్రం అయిదుకీ ఆరుకీ మధ్యే అంటాడు. బాబాయ్ కొట్టు ఆ గంటన్నరని పట్టుకుంది. ఆరూ ఇరవైకి గరిటెతో బాణలి అంచు మీద మూడుసార్లు కొడతాడు. పిల్లలు గొణుక్కుంటూ లేస్తారు. ఈ గరిటె గంట మొదట్లో లేదు. ఒక కాలేజీ నుంచి మనిషి వచ్చి, మీ క్యారమ్ బోర్డుల వల్ల స్టడీ అవర్స్‌కి ఆలస్యంగా వస్తున్నారు, తీసేయమన్నాడట. తీసెయ్యలేదు, గంట పెట్టాడు.

మావాడు అక్కడ చదరంగం ఆడతాడు. బాగా ఆడడు. ఓడిపోయి వచ్చి ఇంట్లో గిన్నెలు చప్పుడు చేస్తాడు. పోనీలే, అదీ ఒక వ్యసనమే అనుకుంటాను.

గంజాయి సంగతి విశాఖ వాళ్ళకి నేను చెప్పేదేముంది. పైన ఏజెన్సీలో పంట, కింద మన జంక్షన్లు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికి తగలబెట్టారు. 2024 నవంబరులో ఈగల్ అని ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. తోట నరకడం వాళ్ళ పని. ఇక్కడ వీధిలో పదహారేళ్ళ వాడి చేతికి అందే వస్తువులు వేరు, వాటి గురించి బాబాయ్ నాకు నేర్పినవి రెండు మూడున్నాయి.

ఒకరోజు టీ గ్లాసు చేతికిస్తూ, "అమ్మా, నీ కొట్లో వైట్నరు ఎవరు ఎక్కువ కొంటున్నారో ఒకసారి చూసుకో" అన్నాడు. 2012 నుంచి సీసాల వైట్నరు, థిన్నరు చిల్లర అమ్మకం ఆపేశారు, మాకు పెన్నులే వస్తాయి. అయినా చూశాను. రికార్డు రాసే పిల్ల నెలకో పెన్ను కొంటుంది. వారానికి మూడు కొనేవాడు ఏం దిద్దుకుంటున్నాడు? దాని తర్వాత ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే, 2019లో వచ్చింది, మా బంధువుల అమ్మాయి చదివి వినిపించింది. మద్యం, గంజాయి అన్నింటిలో పెద్దవాళ్ళ శాతమే ఎక్కువ. పీల్చే మత్తు ఒక్కదాంట్లోనే లెక్క తిరగబడింది. పది నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో 1.17 శాతం, పెద్దవాళ్ళలో 0.58. జిగురు, థిన్నరు, పంక్చర్ సొల్యూషను. అంటే సారా కొట్టు కాదు, నాలాంటి కొట్లూ, పంక్చర్ షాపూ, హార్డ్‌వేర్ షాపూ. మా పక్క పంక్చర్ అబ్బాయి ఇప్పుడు సొల్యూషన్ ట్యూబు విడిగా అమ్మడు. సైకిలు తోసుకొస్తే తనే అతికిస్తాడు. పిల్లలు చేతిలో డబ్బు పట్టుకొచ్చి 'ఇంట్లో అతికించుకుంటాం అన్నా' అంటే చక్రం తీసుకురా అంటాడు. నేను ఒకరికి ఒక పెన్ను ఇస్తున్నాను. మీటింగులు లేవు, వాట్సాప్ గ్రూపు లేదు, ర్యాలీ టీషర్టులు లేవు. టీకి వచ్చినప్పుడు అనుకున్న మాటలే ఇవన్నీ.

మూల మీద మందుల షాపు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. దగ్గు మందు అడిగినా పిల్లలకి చీటీ లేనిదే ఇవ్వడు. నిద్ర మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు హెచ్1 అని, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంటాయి. అవి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని అనేది విడి పుస్తకంలో రాసి మూడేళ్ళు దాచాలి. 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ అని రాష్ట్రమంతా మందుల షాపుల్లో తనిఖీలు చేశాక అందరూ పుస్తకాలు దులిపారు. మా మూల షాపు పుస్తకానికి మాత్రం దులపడానికి దుమ్ము లేదు. బైండింగు విడిపోతే నా దగ్గరికే తెచ్చారు, అప్పుడు చూశాను.

మళ్ళీ కొట్టు దగ్గరికి. ఎర్ర కళ్ళతో వచ్చిన కుర్రాడితో బాబాయ్ ఏం చేస్తాడనేది మా తల్లుల మధ్య పెద్ద గొడవ. ఏమీ అడగడు. ముందు జావ ఇస్తాడు. రద్దీ తగ్గాక పక్కన కూచోబెట్టుకుని ఏ ఊరు, హాస్టల్లో అన్నం ఎలా ఉంది, ఇంటికి ఫోను చేసి ఎన్నాళ్ళయింది, ఇవే. మాట బయటికి రావడానికి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ఇంటికి చెప్పాలి అనుకుంటే కుర్రాడి వెనక చెప్పడు. వాణ్ణి పక్కన పెట్టుకుని, వాడి ఫోన్లోంచే, వాడి చేతే నాన్నకి కలిపించి, తర్వాత తను తీసుకుంటాడు. "ఎనకాల చెప్తే ఆడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కడమ్మా. తొక్కకపోతే ఇంకెక్కడికెళ్తాడు?" అంటాడు.

నాకు ఇది మింగుడు పడదు. నా కొడుకు కళ్ళు ఎర్రగా ఉంటే మూడో సాయంత్రం దాకా ఆగకుండా ఆ నిమిషమే నాకు చెప్పాలి. ఇదే మాట అన్నాను. "మీకైతే ఆ నిమిషమే చెప్తాను, మీరు కొట్టరు కాబట్టి" అన్నాడు. ఎవరి నాన్న బెల్టు తీస్తాడో, ఎవరి అమ్మ కూచుని వింటుందో ఆయన దగ్గర ఒక లెక్కుంది. ఆ లెక్క తప్పదా? తప్పొచ్చు. ఒక టీ కొట్టు మనిషి చేతిలో ఇంత పెద్ద తీర్పు ఉండటం నాకు ఇప్పటికీ భయమే. అలాగని ఆ తీర్పు ఇవ్వడానికి అక్కడ ఇంకెవరున్నారో చెప్పమంటే నా దగ్గరా జవాబు లేదు.

ఒక కుర్రాడి విషయంలో ఏం జరిగిందో నేను చూశాను. హాస్టల్ పిల్లాడు, ఎక్కడివాడో రాయను. అన్నం ముద్ద దిగని స్థితికి వచ్చాడు. తండ్రి రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగాడు. చినవాల్తేరు ఆసుపత్రికి తీసుకెళ్దాం అంటే ఆ మనిషి అక్కడే నేల మీద కూలబడ్డాడు. 'పిచ్చాసుపత్రి' అని ఊళ్ళో అనేస్తారని. అది ప్రభుత్వ మానసిక వైద్యశాల, మత్తు మాన్పించే విభాగం కూడా అందులోనే ఉంది, ఎంవీపీ నుంచి ఆటోకి పెద్ద దూరం కూడా కాదు. మన విశాఖ వాళ్ళం ఎగతాళికి ఒకళ్ళనొకళ్ళం 'చినవాల్తేరు పంపిస్తా' అనుకుంటూ పెరిగాం, ఆ ఎగతాళి చివరికి ఎవరి గుమ్మానికి అడ్డం పడిందో ఆ పొద్దున చూశాను. బాబాయ్ పొయ్యి ఆర్పేసి, పిండి పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించి, వాళ్ళిద్దరితో ఆటో ఎక్కాడు. ఆ రోజు కొట్టు లేదు. కుర్రాడు తర్వాత కాలేజీ మారాడని విన్నాను. మళ్ళీ ఇటు రాలేదు. బాగయ్యాడా లేదా నాకు తెలీదు, బాబాయ్‌ని అడిగితే బజ్జీ తిరగేస్తూ ఉండిపోయాడు.

ఇక కోసిన నక్షత్రం. ఆ షెడ్డులో ఆడపిల్లలు కూచోరు. కూచోలేరు. క్యారమ్ బోర్డు చుట్టూ పదిమంది మగపిల్లలు మోచేతులు తగిలించుకుని నిలబడితే ఏ ఇంటర్ పిల్ల లోపలికి వస్తుంది? పార్సిల్ కట్టించుకుని పోతారు. వాళ్ళకీ అదే గంటన్నర, వాళ్ళకీ అదే పరీక్షల భయం, వాళ్ళ బ్యాగుల్లోనూ అవే మాత్రలు దొరికిన కథలు వింటున్నాం. ఆడపిల్లల హాస్టలు గేటు బేగి వేసేస్తే అంతా బాగున్నట్టే అనుకుంటారు అందరూ. ముందు వైపు, తల్లులు కూచునే చోట ఒక బల్ల, ఒక చదరంగం పెట్టమని చెప్పాను. "పెడితే ఆళ్ళ నాన్నలొచ్చి నన్ను తంతారమ్మా" అన్నాడు. నవ్వుతూ అన్నా అబద్ధం కాదది. కానీ నక్షత్రం ఆయన భయానికి ఇవ్వను కదా.

ఇంకో చిన్న ఫిర్యాదు. ఫ్రిజ్‌లో ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకులు ఎందుకు? సీసా మీద పిల్లలకి తగదని చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది. పరీక్షల ముందు రాత్రిళ్ళు మేలుకోడానికి ఒక్కొక్కడూ రెండేసి తాగుతున్నాడు. పొగాకు దండలు తీసేసిన మనిషి ఈ సీసాలు ఎందుకు ఉంచాడో అర్థం కాదు. కంపెనీ వాళ్ళు ఫ్రిజ్ ఊరికే ఇచ్చారంటాడు. అదీ సంగతి. సీసాల్ని కింది అరలోకి మార్చాడు, తీసెయ్యలేదు.

కొందరు తండ్రులు అడుగుతున్నారు, దీనికన్నా బాక్స్ క్రికెట్ నయం కదా అని. నయమే, ఒళ్ళు అలుస్తుంది. మా వైపు ఆ టర్ఫు అద్దె గంటకి ఎనిమిది వందల పైమాటే. పది మంది పంచుకున్నా తలకి ఎనభై, వారానికి రెండుసార్లంటే హాస్టల్ పిల్లాడి చేతి ఖర్చు అయిపోతుంది. అదీగాక రాత్రి తొమ్మిది దాటాక అక్కడికొచ్చే పెద్దవాళ్ళు బ్యాటుతో పాటు ఏం తెచ్చుకుంటారో టర్ఫు వెనక గోడ చూస్తే తెలుస్తుంది. 2024 అక్టోబరులో ప్రైవేటు మద్యం షాపులు మళ్ళీ వచ్చాయి, క్వార్టరు తొంభై తొమ్మిది రూపాయలకే దొరుకుతోంది. ఇరవై ఒకటి నిండాలన్న రూలు ఉంది. షాపులో అడుగుతారేమో గానీ, వీధి చివర 'అన్నా, ఒకటి తెచ్చిపెట్టవా' అంటే తెచ్చిపెట్టే అన్నలు వయసు అడగరు. బాబాయ్ కొట్టు దగ్గర అలా తెచ్చిపెట్టిన ఒక డిగ్రీ కుర్రాడికి ల్యామినేషన్ కాగితంలో పెద్దక్షరాల లైను చదివి వినిపించాడు. కొన్నవాడు కాదు, ఇచ్చినవాడు లోపలికెళ్తాడని. వాడు ఇప్పుడు బుద్ధిగా జావ తాగుతున్నాడు, నాకెందుకో వాడి మీద ఇంకా నమ్మకం లేదు.

ఈ కొట్టు వల్ల వీధంతా బాగుపడిపోయిందని మాత్రం అనుకోకండి. పూర్తిగా దిగిపోయినవాళ్ళు అసలు ఇటు రారు. వాళ్ళకి కట్టి వదిలేసిన అపార్టుమెంట్లున్నాయి, బీచ్ వైపు దీపాల్లేని సందులున్నాయి. ఇక్కడికి వచ్చేది ఇంకా అటూ ఇటూ ఊగుతున్న పిల్లలు, ఏమీ తోచక వచ్చే పిల్లలు, ఊరికే ఆకలేసిన పిల్లలు. వాళ్ళ మటుకు ఈ షెడ్డు పనికొస్తోంది.

వెళ్ళేవాళ్ళకి కొన్ని సంగతులు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది, పొద్దున ఆరు నుంచి పది దాకా ఇడ్లీ, టీ మాత్రమే. ఆదివారం మూత. కారు పెట్టే చోటు లేదు, ఎదురింటి గేటుకి అడ్డంగా పెడితే ఆ మామ్మగారి నోరు మామూలుది కాదు. ఫోన్‌పే ఉంది గానీ పిల్లల దగ్గర చిల్లరే తీసుకుంటాడు, ఎవరి దగ్గర ఎంత డబ్బు ఆడుతోందో తెలుస్తుందట. హాస్టల్ పిల్లలకి అప్పు పుస్తకం ఉంది, మూడు వందలు దాటనివ్వడు. పునుగులు అయిదున్నర లోపల తినండి, ఆ తర్వాత వాయికి తొందరపడి పచ్చిగా దించుతాడు. చోడి జావ ఎండాకాలంలో ఆరింటికల్లా అయిపోతుంది. శనివారం గుడ్డు బజ్జీ వెయ్యడు, ఎందుకని అడిగి విసిగించకండి, వాళ్ళావిడ మొక్కు.